ఖాళీ హాల్లో పనిచేసే వైర్‌లెస్ కిట్‌ను పెళ్లి మండపానికి సిఫార్సు చేయడంపై ఫిర్యాదు

వినియోగదారుల ఫిర్యాదుల విభాగం అధికారి గారికి,

విషయం: మీ సలహా విభాగం సూచనపై కొన్న వైర్‌లెస్ వీడియో కిట్, రెండు 20 మీటర్ల హెచ్‌డీఎంఐ కేబుళ్లు చెప్పిన పనికి పనికిరాకపోవడం; సొమ్ము వాపసు కోరడం.

అయ్యా,

నేను అమలాపురం కేంద్రంగా కోనసీమలో పెళ్లిళ్లు, ఆలయాల కల్యాణోత్సవాలు, పిల్లల నాట్య ప్రదర్శనలు చిత్రీకరించి ప్రత్యక్ష ప్రసారం చేస్తూ జీవనం సాగిస్తున్నాను. మా ప్రాంతంలో గల్ఫ్ దేశాల్లోనో అమెరికాలోనో మనిషి లేని ఇల్లు తక్కువ. సెలవు దొరకక రాలేకపోయిన వారికి శుభకార్యం చూసే దారి ఈ ప్రసారం ఒక్కటే కనుక, ఇందులో దృశ్యం ఆగిపోవడం చిన్న విషయం కాదు.

కొనుగోలుకు ముందు మీ సలహా విభాగానికి ఈమెయిల్‌లో నా అవసరం వివరంగా రాశాను. మండపం నుంచి, ఒక కెమెరా దృశ్యం నుంచి మరో దానికి మార్చే స్విచర్ ఉండే మా బల్ల దాకా సుమారు 35 మీటర్ల దూరం ఉంటుందని, మధ్యలో వందలాది మంది కూర్చుంటారని, ముహూర్త సమయానికి వారంతా లేచి మండపం చుట్టూ చేరతారని, రెండు కెమెరాలను స్టాండ్ల మీద ఆ బల్లకు 18 మీటర్ల దూరంలో కదలకుండా ఉంచుతామని అందులో స్పష్టంగా ఉంది. దానికి మీ సలహాదారు, మండపం దగ్గర తిరిగే కెమెరాకు 150 మీటర్ల రేంజ్ గల వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్, రిసీవర్ జత సరిపోతుందని, స్టాండ్ కెమెరాలకు 4కె (అత్యధిక స్పష్టత గల వీడియో) హెచ్‌డీఎంఐ కేబుళ్లు తీసుకోమని జవాబిచ్చారు. ఆ ఉత్తరాలు, బిల్లు నకలు దీనికి జతపరిచాను.

సాయంత్రం హాలు ఖాళీగా ఉన్నప్పుడు సరిచూసుకుంటే దృశ్యం ఏ లోపమూ లేకుండా వచ్చింది. రాత్రి జీలకర్ర బెల్లం పెట్టే వేళకు బంధువులంతా అక్షింతలతో లేచి నిలబడ్డారు. చాలామంది ఫోన్లు పైకెత్తారు. ముందు దృశ్యం గళ్లుగళ్లుగా చెదిరింది, తరువాత పెళ్లికూతురి చెయ్యి గాలిలో ఉండగా బిగుసుకుపోయింది, ఆపై తెర పూర్తిగా నల్లబడింది. రిసీవర్ మీది పచ్చ దీపం ఎర్రగా మారి, జనం కూర్చునే దాకా అలాగే ఉంది. వెంటనే స్టాండ్ కెమెరాకు మార్చినా, దోహాలో ఉన్న పెళ్లికూతురి అన్నయ్యకు ఆ ఘట్టంలో కనిపించినవి జనం వీపులే. మళ్లీ చేయించి తీయగలిగే తంతు కాదది. ఒప్పుకున్న సొమ్ములో కొంత నేను వదులుకోవలసి వచ్చింది. ఆ నష్టం కన్నా ఆ కుటుంబం ముందు తల దించుకోవలసి రావడం నన్ను ఎక్కువగా బాధించింది.

దీనికి కారణం మీకు తెలియనిది కాదు. ఈ కిట్ 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో పనిచేస్తుంది. 150 మీటర్లన్నది, ట్రాన్స్‌మిటరుకూ రిసీవరుకూ మధ్య ఏ అడ్డూ లేని ఆరుబయట లెక్క. మనిషి శరీరంలో అధికభాగం నీరే కావడం వల్ల ఈ తరంగాలను అది బాగా పీల్చుకుంటుంది. పైగా హాలు వైఫై, అతిథుల ఫోన్ల హాట్‌స్పాట్‌లు చాలాసార్లు అదే బ్యాండ్‌ను పంచుకుంటాయి. అంటే బల్ల మీద పెట్టిన రిసీవర్‌కు, నిలబడిన జనమే గోడ. మీ వెబ్‌సైటులో 150 అన్న అంకె పెద్ద అక్షరాల్లో ఉంది. అడ్డు లేకుంటేనే అన్న షరతు మాత్రం, పెట్టె తెరిచాక చేతికొచ్చే పుస్తకంలో, చివరి పుటల్లో ఉంది.

రిసీవర్‌ను ఎనిమిది అడుగుల లైట్ స్టాండ్ మీదికెక్కించి, యాంటెనాలు నిటారుగా నిలిపి, రద్దీ తక్కువగా ఉన్న చానెల్ ఎంచుకున్నాక పరిస్థితి కొంత మెరుగుపడిన మాట నిజం. ఒక్క వాక్యంలో చెప్పదగిన ఆ జాగ్రత్తను కూడా మీ సలహాదారు చెప్పలేదు. అయినా జనం నిండిన హాల్లో 35 మీటర్లకు ఈ పరికరం మీద భరోసా పెట్టుకోలేము. పదిహేను మీటర్ల లోపు చిన్న హాలుకు ఇది మంచి వస్తువే. నా ఫిర్యాదు వస్తువు మీద కాదు, నా అవసరం పూర్తిగా తెలిసీ దాన్ని నాకు అంటగట్టిన సలహా మీద.

కేబుళ్ల సంగతీ ఇంతే. మీరు పంపినవి లోపల ఎలాంటి సర్క్యూటూ లేని మామూలు రాగి తీగ హెచ్‌డీఎంఐ కేబుళ్లు. అంత పొడవున 4కె సిగ్నల్ నిలవడం కష్టమని ఈ వ్యాపారంలో ఉన్నవారికి తెలుసు. అయినా పెట్టె మీద 4కె అని ముద్రించారు. 4కెలో దృశ్యం అసలు రాలేదు, అంతకన్నా తక్కువ స్పష్టత గల 1080పి లో ఎవరైనా తీగ తొక్కినప్పుడల్లా రెప్పపాటు నలుపు వచ్చింది. అవే కెమెరాలకు రెండు మీటర్ల కేబుల్ తగిలిస్తే ఏ లోపమూ లేదు కనుక, కెమెరాలో తప్పుందన్న మీ సేవా విభాగం జవాబు నిలవదు.

నా అవసరం విన్న సలహాదారు ఎవరైనా ముందుగా చెప్పవలసింది ఎస్‌డీఐ గురించి, అంటే కోయాక్సియల్ తీగ మీద వీడియోను దూరం పంపే పద్ధతి గురించి. చిన్న హెచ్‌డీఎంఐ–ఎస్‌డీఐ కన్వర్టర్, 75 ఓమ్‌ల మంచి కోయాక్సియల్ తీగ ఉంటే 1080పి 50 ఫ్రేముల దృశ్యం 35 మీటర్లే కాదు, అంతకు రెట్టింపు దూరమూ సాఫీగా వస్తుంది. ఆ తీగ చివర ఉండే బీఎన్‌సీ కనెక్టర్ తిప్పి బిగించేది కనుక ఎవరి కాలో తగిలినంత మాత్రాన ఊడదు. హెచ్‌డీఎంఐకి ఆ బిగింపు లేదు. తీగ తెగినా సరైన కనెక్టర్లు దగ్గరుంటే మా ఊరి కేబుల్ టీవీ కుర్రాళ్లే అమర్చిపెట్టగలరు, కాకపోతే తీగ లోపలిది రాగి పూత పూసిన ఉక్కు కాకుండా పూర్తి రాగి అయి ఉండాలి. కన్వర్టర్లకు విడిగా కరెంటు కావాలి, జనరేటర్‌కు మారే క్షణంలో ఆగకుండా యూపీఎస్ కావాలి. ఇవి కూడా కొనే ముందే చెప్పవలసిన మాటలు. తిరిగే కెమెరాకు సైతం తీగ పట్టే మనిషిని పెట్టుకోవడం, ముహూర్తం పాడు చేసుకోవడం కన్నా ఎంతో చవక.

మీ సేవా విభాగం రెండవ జవాబు నన్ను మరింత నొప్పించింది. వ్యాపారం కోసం కొన్నారు గనుక వినియోగదారుల చట్టం మీకు వర్తించదని రాశారు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(7) వివరణ ప్రకారం, స్వయం ఉపాధితో జీవనోపాధి పొందడానికి మాత్రమే కొని వాడుకునే వస్తువు వాణిజ్య ప్రయోజనం కిందికి రాదు. ఆ కెమెరా వెనుక నిలబడేది నేనే, దాని మీద బతికేదీ మా కుటుంబమే. ఏడు రోజుల వాపసు గడువు ముగిసిందన్న వాదన కూడా న్యాయం కాదు. జనం ఉన్న కార్యక్రమంలో తప్ప ఈ లోపం బయటపడదు, ముహూర్తాలు మీ గడువు చూసుకుని రావు.

కాబట్టి వైర్‌లెస్ కిట్‌కు, రెండు కేబుళ్లకు చెల్లించిన పూర్తి సొమ్మును వాపసు ఇవ్వవలసిందిగా, లేదా నేను సమ్మతించే ఎస్‌డీఐ కన్వర్టర్లు, తీగలతో వ్యత్యాసం సరిచేసి మార్చి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. దానితో పాటు వెబ్‌సైటులో రేంజ్ అంకె పక్కనే, అదే సైజు అక్షరాల్లో, అడ్డు లేని ఆరుబయట మాత్రమే అన్న మాట చేర్చండి. ఆ పొడవు కేబుళ్ల మీద 4కె ముద్ర తీసేయండి. వైర్‌లెస్ పరికరానికి, కేంద్ర ప్రభుత్వ వైర్‌లెస్ విభాగమైన డబ్ల్యూపీసీ నుంచి పొందిన ఈటీఏ (పరికర ఆమోద) పత్రం నకలు కూడా పంపండి. సలహా విభాగంలోని వారు దూరం, జనం, కరెంటు గురించి అడిగి తెలుసుకున్నాకే వస్తువు పేరు చెప్పేలా చూడండి. మా ఊళ్లలో ఈ పని మొదలుపెడుతున్న కుర్రాళ్లు అప్పు చేసి ఈ సామాను కొంటున్నారు, వారికి మీ మాటే ఆధారం.

ఈ-కామర్స్ నిబంధనలు, 2020 ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలిపి, నెల రోజుల్లో పరిష్కరించవలసిన బాధ్యత మీ ఫిర్యాదుల అధికారిది. ఆలోగా పరిష్కారం రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, ఈ ఉత్తర ప్రత్యుత్తరాలతోనే మా జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను. కిట్, కేబుళ్లు, అడాప్టర్లు అసలు పెట్టెల్లోనే భద్రంగా ఉన్నాయి. తీసుకువెళ్లడానికి కొరియర్ మనిషిని మీ ఖర్చు మీద పంపవలసిందిగా, ఒక రోజు ముందు ఫోన్ చేయించవలసిందిగా మనవి.

ఇట్లు,
భవదీయుడు,
ప్రత్యక్ష ప్రసార నిర్వాహకుడు, అమలాపురం

జతపరిచినవి: బిల్లు నకలు, సలహా విభాగంతో జరిపిన ఈమెయిళ్లు, ప్రసారంలో దృశ్యం ఆగిన భాగం వీడియో, రెండు మీటర్ల కేబుల్‌తో చేసిన పరీక్ష వీడియో.