పాపి అన్న మాట అవమానమా?

సంపాదకులకు నమస్కారములు.

గుడ్ ఫ్రైడే సందర్భంగా మీ పత్రికలో వచ్చిన వ్యాసంలో, మనిషిని పుట్టుకతోనే పాపిగా చూసే క్రైస్తవం అతని ఆత్మగౌరవాన్ని హరిస్తుందనీ, పరలోకం ఆశ చూపి ఇక్కడి కష్టాలను దిగమింగుకోమంటుందనీ వ్యాసకర్త రాశారు. మైకుల ముందు ‘ఓ పాపీ’ అని గొంతు చించుకునే బోధకులను విన్నవారికి ఆ అభిప్రాయం కలగడంలో వింత లేదు. అయితే మన ప్రాంతంలో ఈ బోధ మొదట ఎవరి చెవిన పడిందో, వారు దాన్ని ఎలా అర్థం చేసుకున్నారో చూడకుండా తీర్పు చెప్పడం సబబు కాదనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు చేరినప్పుడు ఆయన దగ్గరికి మొదట్లో వచ్చినవారిలో తోళ్ళ వ్యాపారం చేసే యర్రగుంట్ల పేరయ్య ఒకరు. పేరయ్యకూ, ఆయన వెంట వచ్చిన మాదిగ కుటుంబాలకూ పాపం అన్న మాట కొత్త కాదు. వారి పుట్టుకే పూర్వజన్మ పాపఫలమని ఊరు తరతరాలుగా చెబుతూనే ఉంది. ఆ లెక్కలో పాపం వారిది, పుణ్యం ఊరిది. బైబిల్లో రోమీయులకు రాసిన పత్రిక (ఉత్తరం) మూడో అధ్యాయంలో అపొస్తలుడైన పౌలు ఆ లెక్కను చెరిపేశాడు: ఏ భేదమూ లేదు, అందరూ పాపం చేశారు. ఆ ‘అందరూ’లో కరణం ఉన్నాడు, మునసబు ఉన్నాడు, బోధించడానికి వచ్చిన దొర కూడా ఉన్నాడు. ఊరి బావి దగ్గర దొరకని సమానత్వం ముందుగా ఆ ఒక్క వాక్యంలో దొరికింది. వ్యాసకర్తకు అవమానంగా వినిపించిన మాటే ఆ గూడేల్లో గౌరవంగా వినిపించి ఉంటుందని నేను నమ్ముతున్నాను.

ఇక విమోచన, అంటే విడిపించడం. మన తెలుగు బైబిల్లో ‘విమోచన క్రయధనము’ అన్న మాట వస్తుంది. వినడానికి గంభీరంగా ఉంటుంది కానీ, అది నిజానికి అంగడి మాట, అప్పుల మాట. నా చిన్నతనంలో మా అమ్మ గొలుసు చాలాకాలం షావుకారు పెట్టెలో ఉండేది. అది మాదే, కానీ మా చేతిలో లేదు. దాని విలువ పోలేదు, అలాగని మెడలో వేసుకోవడానికీ లేదు. తాకట్టులో ఉన్న నగ తనను తాను విడిపించుకోలేదు, దాన్ని తనదనుకునేవారెవరో వచ్చి సొమ్ము కట్టాలి. లేవీయకాండం 25వ అధ్యాయం చెప్పే విడుదల సరిగ్గా ఇదే: పేదరికం వల్ల భూమి అమ్ముకున్నవాడి పక్షాన దగ్గరి బంధువు వచ్చి దాన్ని విడిపించాలి, అలా విడిపించేవారు లేకపోయినా యాభయ్యో ఏట, సునాద సంవత్సరంలో, అది తిరిగి అతనికే చేరాలి. సిలువ మీద యేసు మరణాన్ని ఆ బంధువు చెల్లించిన వెలగా క్రైస్తవులు అర్థం చేసుకున్నారు. మనిషిని పనికిరానివాడిగా చూసే మతమే అయితే, పనికిరాని వస్తువును విడిపించడానికి ఎవరైనా అంత వెల పెడతారా అన్న ప్రశ్నకు వ్యాసకర్త జవాబు చెప్పవలసి ఉంటుంది.

ఆయన అనని మాట ఒకటి నేనే అంటాను. విడుదల ఉచితంగా దొరికింది కదా అని దాన్ని చవకబారుగా వాడుకోవడం మా సంఘాల్లో ఉంది. తాము ఎలా మారామో సంఘం ముందు సాక్ష్యం చెప్పడానికి నిలబడినవారు తమ పాత జీవితాన్ని, తాగుడును, జూదాన్ని అరగంట సేపు రుచికరంగా వర్ణిస్తారు. తమ చేతిలో మోసపోయినవారి సంగతి మాత్రం ఎత్తరు. బైబిల్లో పన్ను వసూలుదారుల పెద్ద అయిన జక్కయ్య అలా చేయలేదు. తన ఆస్తిలో సగం బీదలకిస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నది ఏదైనా ఉంటే నాలుగంతలు తిరిగి చెల్లిస్తానన్నాడు. ఈ ఇంటికి రక్షణ వచ్చిందని యేసు చెప్పింది ఆ మాట విన్నాకే.

పరలోకపు ఆశ గురించి. మామూలు తెలుగులో నిరీక్షణ అంటే ఎదురుచూపు. బైబిలు తెలుగులో ఆ మాటే ఆశకు నిలిచింది. ఎదురుచూడటమంటే చేతులు ముడుచుకుని కూర్చోవడమని వ్యాసకర్త భావించినట్టున్నారు. 1876-78 నాటి ధాత కరువులో ఏం జరిగిందో చూడండి. ఆకలితో అల్లాడేవారికి పని కల్పించడానికి క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. కాలువ పనిలో ఉన్నవారు విశ్రాంతి వేళల్లో బోధ విని బాప్తిస్మం అడిగారు. అన్నం కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని ఆయన ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపివేశాడు. వారు మట్టి తవ్వుతూ, గంపలు మోస్తూ ఎదురుచూశారు. చివరికి 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అంతమందిలో కూటి కోసం వచ్చినవారు ఒక్కరూ లేరని నేను వాదించను, మనుషుల మనసులు అంత తేటగా ఉండవు. కానీ కూలీ ఇచ్చే చేయి బాప్తిస్మం ఇవ్వననడం, ఆ మాట విన్నాక కూడా వారు అడగడం మానకపోవడం ఆశకు సంబంధించిన విషయాలే.

క్రైస్తవంపై విమర్శ వద్దని నా ఉద్దేశం కాదు. అది తగలవలసిన చోట తగలాలని మాత్రమే కోరుతున్నాను. ‘ఏ భేదమూ లేదు’ అన్న వాక్యంతో మొదలైన సంఘాలు ఈనాడు మాల సంఘమనీ, మాదిగ సంఘమనీ, రెడ్ల సంఘమనీ విడిపోయిన ఊళ్ళు మన జిల్లాల్లో ఉన్నాయి. పెళ్ళి సంబంధాల దగ్గర కులం అడగని విశ్వాసి కుటుంబాన్ని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఈస్టరు నాడు తెల్లవారకముందే కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల తోటలకు వెళ్ళి, చనిపోయిన మనవారందరూ ఒకే బూర శబ్దానికి లేస్తారని పాటలు పాడుతాం. తిరిగి వచ్చి ఎవరి గుడికి వారు వెళ్తాం. పాపం గురించి వ్యాసకర్త మరో వ్యాసం రాయదలిస్తే దీని గురించి రాయమని మనవి. మా గురువులు వేదిక మీద చదవకపోయినా, మాలో కొందరమైనా ఇంటి దగ్గర చదువుకుంటాం.

భవదీయుడు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
ప్రకాశం జిల్లా