ప్రోగ్రామింగ్ కోర్సులో మార్కులు దేనికి వేయాలి?

సంపాదకులకు,

అయ్యా,

కృత్రిమ మేధ వచ్చాక విశ్వవిద్యాలయాల ప్రోగ్రామింగ్ కోర్సుల్లో ఇంటి దగ్గర చేసే అసైన్‌మెంట్లకు అర్థం లేకుండా పోయిందనీ, మార్కులన్నీ రాతపరీక్షకే కేటాయించాలనీ వాదిస్తూ ఇటీవల మీరు ప్రచురించిన వ్యాసం చదివాను. నేను చాలాకాలంగా మొదటి సంవత్సరం విద్యార్థులకు ఈ కోర్సు చెబుతున్నాను. వ్యాసకర్త ఎత్తిచూపిన సమస్య నిజమే కాని, ఆయన సూచించిన పరిష్కారంతో ఏకీభవించలేకపోతున్నాను.

కిందటి సెమిస్టర్‌లో బైనరీ సెర్చ్ (క్రమంలో పేర్చిన జాబితాను సగం సగం చేస్తూ కావలసిన సంఖ్యను వెతికే పద్ధతి) మీద అసైన్‌మెంట్ ఇచ్చాను. ఒక విద్యార్థి పంపిన ప్రోగ్రాం అన్ని టెస్ట్ కేసుల్లోనూ (ప్రోగ్రాం సరైన జవాబు ఇస్తోందా అని చూసే నమూనా ప్రశ్నల్లో) నెగ్గింది. అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, లూప్ కండిషన్‌లో (వెతుకులాట ఎప్పటివరకు మళ్లీ మళ్లీ సాగాలో చెప్పే షరతులో) ఉన్న ‘తక్కువ లేదా సమానం’ గుర్తులోంచి ‘సమానం’ తీసేస్తే ఏమవుతుందని అడిగాను. కాసేపు తెర వంక చూసి, “రన్ చేసి చూడనా మేడమ్?” అన్నాడు. చూడమన్నాను. అతను వెతికిన మూడు సంఖ్యలూ దొరికాయి. “ఏమీ కాదు మేడమ్” అన్నాడు. ఒకే ఒక్క సంఖ్య ఉన్న జాబితా ఇచ్చి, ఆ సంఖ్యనే వెతకమన్నాను. లేదని జవాబు వచ్చింది. అప్పుడు కాగితం తీసుకుని, జాబితా మొదటి స్థానమూ చివరి స్థానమూ రెండూ సున్నాయే అయినప్పుడు (స్థానాల లెక్క సున్నా నుంచి మొదలవుతుంది) లూప్ అసలు మొదలే కాదని తనంతట తానే కనిపెట్టాడు. ఆ ప్రోగ్రాం ఎవరు రాశారని నేను అడగలేదు, అడగాల్సిన అవసరమూ కనిపించలేదు.

ఇదే అబ్బాయిని రాతపరీక్షలో బైనరీ సెర్చ్ రాయమంటే బట్టీపట్టి అక్షరం పొల్లుపోకుండా రాసి, పూర్తి మార్కులు తెచ్చుకుని ఉండేవాడు. రాసిన ప్రోగ్రామును నడిపి చూడటం, తప్పు వచ్చినప్పుడు అది ఏ వరుసలో ఉందో పట్టుకోవడం, ఒకచోట సరిచేస్తే మరోచోట ఏం చెడిందో గమనించడం ఈ విద్యలో అసలు భాగం కాగా, వీటిలో ఒక్కటి కూడా కాగితం మీద కుదరదు. ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే కంపైలర్ క్షణంలో చూపించే సెమికోలన్ పొరపాటుకు అక్కడ అర మార్కు కోత పడుతుంది. పరీక్షే కావాలంటే, తప్పులున్న ప్రోగ్రామును ల్యాబ్‌లో ఇచ్చి గంటలో బాగుచేయమనడం మేలు.

ఇక యంత్రంతో మార్కులు వేయించడం కొత్త సంగతేమీ కాదు. అమెరికాలోని రెన్‌సెలార్ పాలిటెక్నిక్‌లో పంచ్ కార్డుల (రంధ్రాలు పొడిచిన అట్టముక్కల) మీద రాసిన ప్రోగ్రాములను యంత్రంతోనే పరీక్షించిన అనుభవాన్ని జాక్ హోలింగ్స్‌వర్త్ 1960లోనే ప్రచురించారు. వందల మంది ఉన్న తరగతికి అదొక వరమే. అయితే ఆటోగ్రేడర్ (ఇలా మార్కులు వేసే సాఫ్ట్‌వేర్) అడిగిన రూపంలో జవాబు ఉందా లేదా అనేదే చూస్తుంది. జవాబులో సమానం గుర్తుకు అటూ ఇటూ ఖాళీ వదిలినందుకు సరైన ప్రోగ్రాముకు సున్నా పడటం నేను చూశాను. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. ఆ సంగతి పట్టించుకోకుండా ‘0.3 రావాలి’ అని టెస్ట్ కేసు రాసిపెడితే తప్పు ఉపాధ్యాయుడిది, శిక్ష విద్యార్థిది. అందుకే జవాబు రూపాన్నీ, ఎంత తేడాను అనుమతిస్తామో దాన్నీ, అభ్యంతరం ఉంటే ఎన్ని రోజుల్లో చెప్పాలో ఆ గడువునూ మొదటి తరగతిలోనే రాసి ఇవ్వాలి. ఆలస్యానికి కోత కూడా అంతే. ప్రతివాడి కారణాన్నీ విని తీర్పు చెప్పే కంటే, సెమిస్టర్ మొత్తానికి నాలుగు అదనపు రోజులిచ్చి ఎక్కడ వాడుకోవాలో విద్యార్థికే వదిలేస్తే అందరికీ హాయి.

కాపీ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ప్రోగ్రాములను ఒకదానితో ఒకటి పోల్చి చూసే, 1994 నుంచి వాడుకలో ఉన్న మాస్ అనే సాఫ్ట్‌వేర్ వేరియబుల్ పేర్లు (ప్రోగ్రాంలో విలువలకు పెట్టుకునే పేర్లు) మార్చినా పోలికలను పసిగట్టగలదు. కాని పోలిక వేరు, కాపీ వేరు. కనిపించిన పోలికను మనిషే చదివి తేల్చుకోవాలనీ, స్కోరు ఒక్కటే చూసి నిర్ధారించడం సరికాదనీ ఆ సాఫ్ట్‌వేర్ చేసినవారే చెబుతారు. పది వరుసల ఫంక్షన్‌ను (ఒక పని చేసే ప్రోగ్రాం ముక్కను) రాసే సహజమైన పద్ధతి ఒకటే అయినప్పుడు ఇద్దరూ ఒకేలా రాయడంలో వింతేముంది? కృత్రిమ మేధ గురించి ‘వాడరాదు’ అని ఒక్క ముక్క రాసి ఊరుకోవడం కూడా చాలదు. ఎర్రర్ సందేశానికి అర్థం అడగవచ్చా, మొత్తం ఫంక్షన్ రాయించుకోవచ్చా అన్నది విడివిడిగా చెప్పాలి. నా తరగతిలో మొదటిదానికి అనుమతి ఉంది, రెండోదానికి లేదు. వాడినవారు ఎక్కడ వాడారో ప్రోగ్రాం మొదట్లో కామెంటుగా రాయాలి, పంపిన ప్రతి వరుసకూ తామే జవాబు చెప్పాలి.

అసైన్‌మెంట్లకు నేను కేటాయించే 40 మార్కుల్లో సగం ప్రోగ్రాం నడిచినందుకు, మిగతా సగం దాన్ని నా ఎదుట వివరించి, అడిగినచోట మార్చి చూపినందుకు. ఇంతమందితో మాట్లాడే తీరిక ఎక్కడుందని తోటి అధ్యాపకులు అంటారు. మనిషికి 8 నిమిషాల చొప్పున 60 మందికి 8 గంటలు పడుతుంది, అవి నాలుగు ల్యాబ్ తరగతుల్లో సర్దుకుంటాయి. 200 మంది ఉంటే దాదాపు 27 గంటలు కావాలి కనుక సహాయకులు లేకుండా సాధ్యం కాదని ఒప్పుకుంటాను. అయితే వ్యాసకర్త కోరిన రాతపరీక్షలో ఒక్కో జవాబుపత్రాన్ని శ్రద్ధగా దిద్దడానికి నాకు 8 నిమిషాల కంటే తక్కువ ఎన్నడూ పట్టలేదు.

ఇట్లు,
ఒక ప్రోగ్రామింగ్ అధ్యాపకురాలు