ఓవర్లు తగ్గితే ప్రత్యర్థికి పరుగులు కలపాలి
టెస్టుల్లో రోజుకు 90 ఓవర్ల నిబంధన కాగితానికే పరిమితమైంది. 2025 జులైలో లార్డ్స్‌లో ఓవర్లు ఆలస్యం చేసిన ఇంగ్లండ్‌కు మ్యాచ్ ఫీజులో 10 శాతం జరిమానా, ప్రపంచ టెస్టు ఛాంపియన్‌షిప్ (డబ్ల్యూటీసీ) పట్టికలో 2 పాయింట్ల కోత పడ్డాయి. మనపై 22 పరుగుల గెలుపు మాత్రం చెక్కుచెదరలేదు! మూడో రోజు చివర్లో ఇంగ్లండ్ ఓపెనర్ క్రాలీ సాగదీతతో ఒక్క ఓవరే పడింది (కాలయాపనలో మనవాళ్లూ తక్కువ తినలేదు). మధ్యాహ్నం మూడున్నర నుంచి రాత్రి దాకా టీవీకి అతుక్కుపోయేది ఇందుకా? గాయాలు, డీఆర్‌ఎస్ (అంపైర్ నిర్ణయాల సమీక్ష), వాన సమయం మినహాయించి, తగ్గిన ప్రతి ఓవరుకూ 5 పరుగులు ప్రత్యర్థి స్కోరుకు ఆరోజే కలపాలి. బ్యాటర్ కాలయాపనకు 5 పరుగుల శిక్ష నియమావళిలో ఇప్పటికే ఉంది. అంపైర్లు మొహమాటపడకుండా దాన్ని వాడాలి.
- ఓ క్రికెట్ అభిమాని, వరంగల్