హఖామనీషులు అని రాయండి

సంపాదకులకు నమస్కారం.

ప్రాచీన పర్షియా గురించిన వ్యాసాల్లో ‘అకేమెనిడ్’ వంశం అని రాస్తుంటారు. అది గ్రీకుల నోట మారిన రూపం. డేరియస్ మొదలుకొని ఆ రాజులు తమను హఖామనీషియులుగా చెప్పుకున్నారు. మూలపురుషుడు హఖామనిష్. అందులోని ‘హఖా’ మన ‘సఖా’యే, రెండో భాగం మన ‘మనస్సు’కు చుట్టం. సింధు అక్కడ హిందు అయినట్టే సకారం హకారమైంది. స్నేహితుడి మనసున్నవాడని అర్థం చెబుతారు. ఎంత చక్కటి పేరు!

క్రీ.పూ. 520 ప్రాంతంలో డేరియస్ ఇరాన్‌లోని బిసుతూన్ కొండపై మూడు భాషల్లో శాసనం చెక్కించాడు. తండ్రి విష్తాస్ప నుంచి హఖామనిష్ దాకా పేర్లు వరుసగా చెప్పి, అందుకే మాకీ పేరు అన్నాడు. అంతకుముందే బాబిలోన్ మట్టి శాసనంలో సామ్రాజ్య స్థాపకుడు సైరస్ తన వంశాన్ని తైస్పిస్ అనే పూర్వీకుడి దగ్గరే ఆపాడు, హఖామనిష్ ఊసే లేదు. సింహాసనాన్ని చేజిక్కించుకున్న డేరియస్ సైరస్‌తో బంధుత్వం చూపడానికే ఈ పేరును ఇద్దరికీ ఉమ్మడి మూలపురుషుడిగా ముందుకు తెచ్చాడన్న చరిత్రకారుల వాదన నాకు సబబుగా తోస్తుంది.

ఇకపై మీ పత్రికలో ‘హఖామనీషులు’ అనే రాయమని, కావాలంటే పక్కన గ్రీకు రూపం ఇవ్వమని మనవి.

– ఒక చరిత్ర ఉపాధ్యాయుడు, తెనాలి