విద్యుత్ కార్లలో బానెట్ తెరిచే మార్గం

సంపాదకులకు,

విద్యుత్ కార్లలో ఇంజిన్ లేనందున బానెట్ కింద మిగిలే చోటును సామాన్ల అరగా మలచడం మెచ్చదగిన ఆలోచన. టాటా పంచ్ ఈవీలో ఆ అర 14 లీటర్లే అయినా, చిన్నాచితకా సామగ్రి డిక్కీలోని సంచుల కింద నలగకుండా ఉంటుంది. నా ఆందోళన ఆ అర మూత గురించి.

ప్రధాన బ్యాటరీ ఎంత పెద్దదైనా, తలుపుల తాళాలు, తెర, కంప్యూటర్లు సాధారణంగా పనిచేసేది 12 వోల్టుల చిన్న బ్యాటరీతోనే. అనేక కార్లలో అది బానెట్ కిందే ఉంటుంది. బానెట్ గొళ్లెం కూడా విద్యుత్తుతోనే తెరుచుకునేదైతే, ఆ బ్యాటరీ నిండుకున్ననాడు దాన్ని చేరుకునే దారే మూసుకుపోతుంది. టెస్లా మోడల్ 3లో ఇందుకోసం ముందు బంపర్‌లోని చిన్న మూత వెనుక తీగలు ఉంచారు. బయటి నుంచి 12 వోల్టుల విద్యుత్తు అందిస్తే గొళ్లెం విడుతుంది. అయితే రాత్రివేళ రహదారిపై ఆగిపోయిన కుటుంబానికి ఈ సంగతి ఎవరు చెబుతారు? పాతకాలపు తీగ లివర్‌కు ఏ బ్యాటరీతోనూ పని లేదు. తయారీదారులు దాన్ని కొనసాగించాలి. అత్యవసరంగా బానెట్ తెరిచే విధానాన్ని కారుతో ఇచ్చే పుస్తకంలో, మొదటి పుటలోనే, తెలుగులో ముద్రించాలి.

ఇట్లు,
ఒక విద్యుత్ కారు యజమాని, విజయవాడ