పొట్టికి, పాలమూరు నుంచి

ఏమే పొట్టీ,

మలావీ పోయి బ్లాంటైర్‌లో కాపురం కుదురుకుందన్నమాట. చింతపండు కోసం అంత గోల చేసినదానివి, మూట కట్టుకుని పోవాల్సింది. మీ ఆయన ఆఫీసు పార్సిళ్ళలో ఏమైనా పంపడానికి వీలుంటే చెప్పు, రెండు కిలోలు గింజ తీసి పెడతాను.

నీ మెసేజ్ చివర్లో ఒక ప్రశ్న పడేశావు చూడు, "ఇక్కడంటే పేద దేశం, పసిపిల్లలు పోతున్నారంటే అర్థముంది. మన దగ్గర అందరూ దవాఖానలోనే కంటున్నారు కదా, ఇంకా ఎందుకు పోతున్నారే?" అని. అది ఫోన్లో తేలే ముచ్చట కాదు, అందుకే ఇంత రాస్తున్నా.

ముందు మీ దేశం సంగతి. 2012లో వచ్చిన ప్రపంచ అంచనాల్లో, నెలలు నిండకుండా పుట్టేవాళ్ళు అన్నిటికంటే ఎక్కువున్న దేశం మలావీయే. వందకి 18 మంది. అక్కడ డబ్బున్నవాడికి కూడా చిక్కే. పైసలు జేబులో ఉన్నా కొనుక్కోవడానికి దగ్గర్లో వెంటిలేటరు ఉండాలి కదా. మీ ఊరి క్వీన్ ఎలిజబెత్ ఆసుపత్రిలోనే చేపల తొట్టికి వాడే పంపులతో చౌకగా చేసిన సీపాప్ మిషన్, అంటే ముక్కులోంచి ఆగకుండా గాలి ఒత్తి ఊపిరితిత్తులు మూసుకుపోకుండా చూసేది, పెట్టి చూశారు. ఊపిరి అందని పసివాళ్ళలో ఆక్సిజన్ ఒక్కటే ఇచ్చినవాళ్ళు 44 శాతం బతికితే, ఈ మిషన్ పెట్టినవాళ్ళు 71 శాతం బతికారు. 2014లో ఆ లెక్కలు బయటికొచ్చాయి. అక్కడ కావలసింది మిషను, కరెంటు, చూసే నర్సు.

మన దగ్గర అవన్నీ చాలావరకు వచ్చాయి. బిడ్డను వెచ్చగా ఉంచే వార్మర్లున్నాయి, పసికామెర్లకు లైటు కింద పెట్టే ఫొటోథెరపీ ఉంది, 102 బండి ఇంటి దాకా వస్తుంది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే. వెయ్యి మంది పుడితే నెల తిరక్కుండా పోయేవాళ్ళు దేశం మొత్తం మీద దాదాపు 25 మంది, మన రాష్ట్రంలో 17 మంది. తగ్గింది, కాదనను. కానీ ఆ 17 మంది ఎవరి పిల్లలో మా పసిపిల్లల వార్డులో ఒక్క నైట్ డ్యూటీ చేస్తే తెలుస్తుంది.

ఆ సర్వేవాళ్ళు ఇంట్లోకి వచ్చి నీ సంపాదన ఎంత అని అడగరు. నేల మట్టిదా బండలదా, మరుగుదొడ్డి ఉందా, పరుపు, ప్రెషర్ కుక్కర్, ఫ్యాను, కుట్టుమిషను, మోటార్ సైకిల్ ఉన్నాయా అని టిక్కులు పెట్టుకుంటారు. వాటిని బట్టి జనాన్ని ఐదు వంతులు చేస్తారు. దేశం లెక్క తీస్తే అడుగు వంతులో పసిపిల్లల చావులు పై వంతు కంటే చాలా ఎక్కువ. అంతా బాగానే ఉంది గానీ, వాళ్ళ జాబితాలో లేని ఆస్తి ఒకటుందే. ఇంట్లో పని మానుకుని కూర్చోగలిగిన ఇంకో మనిషి.

మొన్న అచ్చంపేట అవతలి తండా నుంచి ఒకామె వచ్చింది. పాప 1,450 గ్రాములు. మొగుడు పుణెలో సెంట్రింగ్ పని. అత్తకు మేకలున్నాయి, మూడేళ్ళ పెద్దపిల్ల కూడా ఆమె దగ్గరే. పాపకు ఊపిరి కుదురుకుంది, ఉగ్గుగిన్నెతో పాలు తాగుతోంది. ఇక కావలసిందల్లా బట్టలు తీసి, నెత్తికి టోపీ, కాళ్ళకు సాక్సులు తొడిగి తల్లి రొమ్ము మీద కట్టుకోవడం. కంగారూ పద్ధతి నీకు చెప్పేదేముంది. పైసా ఖర్చు లేదు. 2021లో ఐదు దేశాల్లో చేసిన పరీక్షలో, పుట్టిన వెంటనే ఇది మొదలుపెడితే 1.8 కిలోల లోపు పిల్లల చావులు నాలుగోవంతు తగ్గాయి. మన దేశమూ ఉంది అందులో, మీ బ్లాంటైరూ ఉంది. సరే, అక్కడ రోజుకి ఎన్ని గంటలు కట్టుకున్నారో తెలుసా? దాదాపు 17 గంటలు!

ఆమె రోజూ అదే అడిగేది, "ఎప్పుడు పంపిస్తరు సిస్టర్, అత్త మేకల కాడికి పోతే ఇంటికాడ పెద్దది ఒక్కతే ఉంటది." బిడ్డను కాసేపు ఎత్తుకోవడానికి ఎవరూ లేక, స్నానానికి పోవాలన్నా మా ఆయమ్మను బతిమాలేది. చివరికి అత్త వచ్చి కాగితం మీద వేలిముద్ర వేసి తీసుకుపోయింది. రికార్డులో మేము 'లామా' అని రాసుకున్నాం, డాక్టరు మాట వినకుండా పోయినవాళ్ళ ఖాతాలో. ఆ మాట రాసేటప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. వినలేదట!

అదే బరువుతో పుట్టిన ఒక ప్లాట్ల వ్యాపారి మనవడు హైదరాబాద్‌లో పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో ఉన్నాడని తెలిసింది. ఇద్దరు అమ్మమ్మలు, నానమ్మ, ఒక పనిమనిషి, వంతులవారీగా. వాళ్ళను తప్పు పట్టను, ఎవరికైనా అంతే కదా. అయితే డబ్బు కూడా అన్నిసార్లూ మంచే చేస్తుందనుకోకు. ఆ సర్వే నాటికే మన రాష్ట్రంలో ప్రైవేటు కాన్పుల్లో నూటికి 80కి పైగా సిజేరియన్లే. పంతులు ముహూర్తం పెట్టాడని రెండు వారాలు ముందే కోయించుకుంటారు, బిడ్డ ఊపిరికి ఆయాసపడుతుంటే అప్పుడు టెన్షన్.

మధ్యలో ఉన్నవాళ్ళ గతి ఇంకా అన్యాయం. ముందు ఏదో నర్సింగ్ హోంకి పోతారు, పుస్తెలు కుదువపెడతారు, పైసలైపోయాక ఆటోలో మా దగ్గరికి తెస్తారు. బిడ్డను ముట్టుకుంటే అరికాళ్ళు చల్లగా ఉంటాయి. 36.5 డిగ్రీల కిందికి పడితే ఎంత ప్రమాదమో దారిలో ఎవరూ చెప్పరు.

ఇంటికి పోయాక ఆశమ్మ రావాలి. 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికెళ్ళి చూస్తే ఆమెకు మొత్తం కలిపి 250 రూపాయలు. ఇది మహారాష్ట్ర గడ్చిరోలిలో డాక్టర్లు బంగ్ దంపతులు చేసి చూపించిన దారి. ఊళ్ళోని ఆడవాళ్ళకే నేర్పించి, ఇళ్ళకు పంపి, పసిపిల్లల చావులు 62 శాతం తగ్గించారని 1999లో లోకానికి తెలిసింది. మన దగ్గర చిక్కేమిటంటే పేరు అత్తగారి ఊళ్ళో రాసి ఉంటుంది, బాలింత తల్లిగారింట్లో ఉంటుంది. వలసపోయే ఇళ్ళల్లో అయితే నెల నిండకముందే ఇటుక బట్టీ కాడికి పోతారు. ఏ ఆశమ్మ వెతుకుతుంది?

మా సూపరింటెండెంట్‌కు ఒక అర్జీ పెట్టాను. కంగారూ వార్డులో తల్లితో పాటు ఇంకొకరికి మంచం, రెండు పూటలా తిండి, పెద్దపిల్లలు ఉంటే వాళ్ళనూ రానివ్వాలని. "చూద్దాం" అన్నాడు. మా ఇన్‌ఛార్జి సిస్టర్ మాత్రం పాత స్టోర్ రూం ఖాళీ చేయించే పనిలో పడింది, ఆమె పడితే అవుతుంది.

నువ్వు క్వీన్ ఎలిజబెత్‌కి ఎప్పుడైనా పోతే ఆ తల్లుల వార్డు ఎలా ఉందో చూడు. తోడు వచ్చినవాళ్ళు ఎక్కడ పడుకుంటారు, వంట ఎక్కడ చేసుకుంటారు, ఇంటి దగ్గర మిగిలిన పిల్లల్ని ఎవరు చూస్తారు, అన్నీ అడిగి రాయి. ఫొటోలు తియ్యనివ్వకపోతే బొమ్మ గీసి పంపినా చాలు, నీ బొమ్మలు ఎట్లా ఉంటాయో నాకు తెలిసిందేలే. పార్సిల్ సంగతి మర్చిపోకు.

నీ,
లంబూ