ఆట కోసం సైకిల్ తొక్కేవాళ్ళ గురించి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న మీ ఆదివారం పేజీలో సైకిల్ తొక్కితే పొట్ట తగ్గుద్ది, గుండెకి మంచిది అని రాశారు, బాగానే ఉంది, కానీ ఇప్పుడు సైకిల్ కొంటున్నవాళ్ళలో చాలామంది పొట్ట కోసం కాదండీ, వేరే ఆటలో దమ్ము కోసం కొంటున్నారు. మా వేళచ్చేరి వైపు ఏ షటిల్ కోర్టుకైనా వెళ్ళి చూడండి, మూడో గేమ్ కల్లా నడుం మీద చేతులేసుకుని నిలబడిపోయే నలభై ఏళ్ళ బ్యాచ్ మాది. పరిగెడదామంటే మోకాళ్ళు ఒప్పుకోవు. అందుకని సైకిల్. మాలాంటోళ్ళకి పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు ఆ పేజీలో.

కొత్తగా కొన్నోళ్ళు ఏం చేస్తున్నారంటే ఆదివారం చీకటితోనే గ్రూపుతో ఈసీఆర్ (సముద్రం పక్కన పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) ఎక్కేసి మహాబలిపురం దాకా పోయొస్తారు, ఎంత తొక్కామో లెక్కేసే స్ట్రావా యాప్‌లో కిలోమీటర్లు అందరికీ చూపిస్తారు, ఇక బుధవారం దాకా కోర్టులో కాళ్ళు కదలవు. ఆట కోసం తొక్కేవాడికి ఆ కిలోమీటర్ల గోల ఎందుకు చెప్పండి? వారంలో రెండు మూడు సార్లు, ఆట లేని రోజు చూసుకుని, ముప్పావు గంట పక్కవాడితో మాట్లాడుకుంటూ తొక్కగలిగేంత నిదానంగా తొక్కినా దమ్ము పెరుగుద్ది. గేరు తేలిగ్గా పెట్టుకుని పెడల్ నిమిషానికి 80, 90 సార్లు తిరిగేలా చూసుకోవాలి, బరువు గేరు వేసి తొక్కితే మళ్ళీ ఆ మోకాళ్ళకే దెబ్బ. సీటు సంగతైతే ఇంకా ఘోరం, ఆగినప్పుడు రెండు కాళ్ళూ నేలకి ఆనాలని బాగా కిందకి దించేస్తారు, అసలు పెడల్ కిందకొచ్చినప్పుడు దాని మీద మడమ పెడితే కాలు తిన్నగా రావాలి, సుమారుగా అదీ ఎత్తు. కొన్న షాపులో కూడా చెప్పట్లేదు ఈ మాట.

సైకిల్‌తో వేరే ఆటకి బలం తెచ్చుకోవడం కొత్తేం కాదు. ఐస్ మీద స్పీడ్ స్కేటింగ్ చేసేవాళ్ళు ఎప్పట్నుంచో చేస్తున్నదే. తూర్పు జర్మనీ ఆవిడ క్రిస్టా రోథెన్‌బర్గర్ 1988లో కాల్గరీ వింటర్ ఒలింపిక్స్‌లో స్కేటింగ్ గోల్డ్ కొట్టి అదే ఏడాది సియోల్ సమ్మర్ ఒలింపిక్స్‌లో సైకిల్ స్ప్రింట్‌లో సిల్వర్ తెచ్చుకుంది. జిమ్ముల్లో టబాటా టబాటా అంటారే, 20 సెకన్లు ప్రాణం పెట్టి 10 సెకన్లు ఆగడం, అది జపాన్ స్కేటింగ్ టీమ్ ప్రాక్టీస్ నుంచి వచ్చిందే, 1996లో టబాటా అనే జపాన్ పరిశోధకుడి స్టడీ జరిగింది కూడా కదలని సైకిల్ మీదే. అంత ఘాటు మన వయసుకి అక్కర్లేదు గానీ షటిల్ కూడా ఆగి ఆగి విరుచుకుపడే ఆటే కదా, అందుకని రెండు నెలలు నిదానంగా తొక్కాక వారానికోసారి 30 సెకన్లు గట్టిగా, రెండు నిమిషాలు తేలిగ్గా, ఇలా ఐదారు సార్లు చేస్తే చాలు. బీపీ షుగర్ ఉన్నోళ్ళు డాక్టర్ని అడిగాకే. ఇంకోటి, సైకిల్ ఊపిరి ఇస్తది గానీ కోర్టులో పక్కకి దూకి టక్కున ఆగడం నేర్పదు, దానికి లంజెస్ (ఒక కాలు ముందుకేసి మోకాలు వంచి లేచే వ్యాయామం) విడిగా చేసుకోవాల్సిందే.

చెన్నైలో ఎక్కడానికి కొండలు లేవని కొందరు బాధపడతారు, ఈసీఆర్ మీద ముట్టుకాడు దగ్గర ఎదురుగాలి పట్టుకుందంటే కొండ ఎందుకూ పనికిరాదు లెండి. ఉక్కపోతకి మాత్రం ఉత్త నీళ్ళు చాలవు, ఉప్పేసిన మజ్జిగ సీసా పెట్టుకోవాలి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానల్లో జిమ్ సైకిలే గతి. చీకట్లో వెళ్ళేవాళ్ళు హెల్మెట్, వెనక ఎర్ర లైటు లేకుండా ఈసీఆర్ ఎక్కొద్దని కూడా రాయండి, ఆ టైంలో కార్లు ఎలా పోతాయో మీకు తెలియంది కాదు.

తెలిసిన కోచ్‌తోనో ఫిజియోతోనో మీ స్పోర్ట్స్ పేజీలో దీని గురించి ఒకసారి రాయించండి. చోటు లేదంటే చిన్న బాక్స్ అయినా కట్టండి, అందులో ముందు సీటు ఎత్తు సంగతి వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
వేళచ్చేరి, చెన్నై